ఇంట్లో షుగరు, బి.పి. చూసుకునే సరైన పద్ధతి

మామిడిపండ్ల కాలంలో ఏ ఇంట్లోనైనా జరగగల ఒక ఉదాహరణతో ఈ నెల పాఠం మొదలుపెడదాం.

ఇంటి పెద్దాయనకు అరవై అయిదేళ్ళు. పదేళ్ళుగా షుగరు వ్యాధి ఉంది. రోజూ ఉదయం టిఫినుకు ముందు గ్లిమిపిరైడు మాత్ర వేసుకుంటారు. కొడుకు కొనిచ్చిన మీటరు ఇంట్లోనే ఉంది. ఒక సాయంత్రం మనవడికి బంగినపల్లి పండు కోసి పెట్టారు. తాను ఒక్క ముక్క కూడా తినలేదు. చేతులు తువ్వాలుకు తుడుచుకుని, ఒకసారి షుగరు చూద్దామని వేలికి సూది పొడిచారు. మీటరు 318 చూపించింది. ఆయన కంగారుపడి మరుసటి రోజు మాత్ర అప్పుడే వేసుకున్నారు. రాత్రి అన్నం కూడా మానేశారు. తెల్లవారుజామున మూడు గంటలకు భార్య లేచి చూస్తే పక్కబట్టలు చెమటతో తడిసిపోయి ఉన్నాయి. పలకరిస్తే పొంతన లేని మాటలు మాట్లాడుతున్నారు. కోడలు వెంటనే మీటరుతో చూసింది. ఈసారి 46. మామగారు మింగగలుగుతున్నారని చూసుకుని చక్కెర నీళ్ళు తాగించి ఆస్పత్రికి తీసుకువెళ్ళింది. ఆమె తెలివిగా మెలగడం వల్ల ప్రాణం దక్కింది.

ఇందులో మీటరు తప్పేమీ లేదు. వేలికి అంటిన మామిడి రసంలోని చక్కెరను కూడా అది కొలిచింది. తప్పులు మూడు. చేతులు సబ్బుతో కడుక్కోలేదు. నమ్మలేని అంకె వచ్చినప్పుడు మళ్ళీ చూసుకోలేదు. డాక్టరును అడగకుండా మందు పెంచి, భోజనం మానేశారు. సరిగా కొలవడం, కొలిచినది రాసిపెట్టడం, ఏ అంకెకు ఏం చేయాలో ముందే డాక్టరుగారిని అడిగి తెలుసుకోవడం అనే మూడు పనులూ కలిస్తేనే ఇంట్లో పరీక్ష వల్ల మేలు కలుగుతుంది. ఒకటి లోపించినా అదే పరీక్ష కీడు చేయవచ్చు.

ఇంట్లో ఎందుకు చూసుకోవాలి?

2023లో ప్రచురితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలకు షుగరు వ్యాధి ఉంది. పెద్దవారిలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపోటు ఉంది. ఈ రెండూ చాలాకాలం ఏ బాధా కలిగించకుండానే కళ్ళను, మూత్రపిండాలను, గుండెను, నరాలను దెబ్బతీస్తాయి. నెలకోసారి ఆస్పత్రిలో చూసే ఒక్క అంకె ఆ ఒక్క గంట సంగతి మాత్రమే చెబుతుంది. మిగిలిన రోజుల సంగతి తెలియాలంటే ఇంట్లో చూసుకోవలసిందే.

పాతతరం వారికి బెనెడిక్టు పరీక్ష గుర్తుండే ఉంటుంది. పరీక్ష నాళికలో నీలిరంగు ద్రావణం పోసి, కొన్ని చుక్కల మూత్రం కలిపి కాచేవారు. రంగు నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక ఎరుపు రంగులకు మారేకొద్దీ చక్కెర ఎక్కువ ఉన్నట్టు. కాని సాధారణంగా రక్తంలో చక్కెర 180 దాటితేగాని మూత్రంలోకి రాదు. కాబట్టి 150 ఉన్నా, 50కి పడిపోయినా ఆ పరీక్షలో రంగు నీలంగానే ఉండేది. 1965లో అమెరికాలోని ఏమ్స్ కంపెనీ డెక్స్‌ట్రోస్టిక్స్ అనే రక్త పరీక్ష స్ట్రిప్పును తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన మీటర్ల వల్ల షుగరు తగ్గిపోవడాన్ని కూడా ఇంట్లోనే కనిపెట్టగలుగుతున్నాము.

షుగరు చూసుకునే పద్ధతి

1. చేతులు సబ్బుతో, నీళ్ళతో కడుక్కుని పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఉంటే రక్తం పలచబడి అంకె మారుతుంది. కడుక్కునే వీలు లేకపోతే మొదటి చుక్కను దూదితో తుడిచేసి రెండవ చుక్కను వాడాలి.

2. స్ట్రిప్పుల డబ్బాపై గడువు తేదీ చూడాలి. స్ట్రిప్పు తీసిన వెంటనే మూత గట్టిగా పెట్టాలి. గాలి, తేమ, ఎండ తగిలితే స్ట్రిప్పు పాడవుతుంది. చాలా డబ్బాలపై 30 డిగ్రీల వేడికి మించిన చోట ఉంచవద్దని రాసి ఉంటుంది. మన ఎండాకాలంలో కిటికీ దగ్గర, పొయ్యి పక్కన, కారులో పెట్టకండి. ఇన్సులిన్ సీసాను నీళ్ళకుండలో చల్లగా దాచుకునేవారు స్ట్రిప్పులను మాత్రం అందులో పెట్టకూడదు.

3. వేలి కొస మధ్యలో కాకుండా పక్కన పొడవాలి. నొప్పి తక్కువగా ఉంటుంది. రోజుకో వేలు మార్చండి. రక్తం రాకపోతే చేతిని కిందికి వేలాడదీసి, అరచేతి నుండి వేలి వైపుకు మెల్లగా నిమరండి. వేలి కొసను గట్టిగా పిండకూడదు.

4. ఒకరు వాడిన సూదిని మరొకరు వాడరాదు. భార్యాభర్తలైనా సరే. హెపటైటిస్ బి వంటి వ్యాధులు ఈ దారిలో సోకుతాయి. వాడిన సూదులను మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక ఆస్పత్రిలో ఇవ్వండి. చెత్తబుట్టలో వేస్తే చెత్త ఎత్తేవారి చేతికి గుచ్చుకుంటుంది.

5. మీ మనసుకు, ఒంటికి పొంతన కుదరని అంకె వస్తే చేతులు మళ్ళీ కడుక్కుని, కొత్త స్ట్రిప్పుతో మరో వేలి మీద చూడండి.

మీటరులో ఒకటి, లేబొరేటరీలో మరొకటి వచ్చిందని కొందరు బెంగపడతారు. కొంత తేడా సహజం. 2013 అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, నూటికి 95 సార్లు మీటరు తేడా ఒక హద్దులోపల ఉండాలి. షుగరు 100 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నప్పుడు ఆ హద్దు 15 శాతం, 100 కంటే తక్కువ ఉన్నప్పుడు 15 అంకెలు. అంటే లేబొరేటరీలో 200 వస్తే మీటరులో 170 నుండి 230 లోపు రావచ్చు. రక్తహీనత బాగా ఉన్నవారిలో చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి.

సూది లేకుండా షుగరు చెబుతామని అమ్మే చేతి గడియారాలను, ఉంగరాలను నమ్మవద్దు. అటువంటి వాటిలో ఒక్కదానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. జబ్బకు అంటించుకునే సెన్సార్లు వేరు. వాటికి చర్మం కిందికి వెళ్ళే సన్నని తీగ ఉంటుంది. వాటిని వైద్యుల సలహాతో వాడవచ్చు.

ఎప్పుడు చూడాలి? ఎంత ఉండాలి?

షుగరు వ్యాధి ఉన్న పెద్దవారిలో చాలామందికి భోజనానికి ముందు 80 నుండి 130, భోజనం మొదలుపెట్టిన రెండు గంటలకు 180 లోపు ఉంటే మంచిది. వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి, తరచుగా షుగరు తగ్గిపోయేవారికి డాక్టరుగారు కొంచెం ఎక్కువ హద్దు పెట్టవచ్చు. గర్భిణులకు హద్దులు గట్టిగా ఉంటాయి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలి. మీ హద్దు ఏదో అడిగి మీ పుస్తకం మొదటి పేజీలో రాయించుకోండి.

మెట్‌ఫార్మిన్ వంటి మాత్రలు మాత్రమే వాడుతూ షుగరు నిలకడగా ఉన్నవారు రోజూ చూడనవసరం లేదు. స్ట్రిప్పుల ఖరీదు అందరికీ భారమే. కాబట్టి జంటగా చూసే పద్ధతి మేలు. ఒకరోజు టిఫినుకు ముందు, తర్వాత. రెండు మూడు రోజులాగి మధ్యాహ్న భోజనానికి ముందు, తర్వాత. మరోవారం రాత్రి భోజనానికి. ఏ ఆహారం మీ షుగరును ఎంత పెంచుతోందో అప్పుడు మీకే తెలుస్తుంది. పెళ్ళి భోజనం మర్నాడు భయపడి ఒకసారి, డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు ఒకసారి చూస్తే ఏమీ తెలియదు. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం డాక్టరుగారు చెప్పినన్ని సార్లు, కొందరు రోజుకు నాలుగుసార్లు కూడా చూసుకోవాలి.

ఇంట్లో ఎంత శ్రద్ధగా చూసుకున్నా హెచ్‌బీఏ1సీ పరీక్ష మానకూడదు. అది గడచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది.

షుగరు తగ్గితే ఆలస్యం చేయవద్దు

70 కంటే తగ్గితే షుగరు తక్కువైనట్టు. 54 కంటే తగ్గితే ప్రమాదం. చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, చూపు మసకబారడం, చిరాకు, మాట తడబడటం దీని గుర్తులు. కొందరు ఇంటివారు దీన్ని తాగిన మత్తు అనో, గాలి సోకిందనో పొరబడి విలువైన సమయం పోగొట్టుకుంటారు. షుగరు రోగి వింతగా ప్రవర్తిస్తే మొదట షుగరు చూడండి. మీటరు అందుబాటులో లేకపోతే తగ్గిందనే అనుకుని చికిత్స చేయండి.

చేయవలసినది ఇది. రోగి మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు పొడి, లేదా మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలాగి మళ్ళీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వండి. 70 దాటాక భోజనమో, రెండు ఇడ్లీలో, పాలు, బిస్కట్లో పెట్టండి. మొదటే చాక్లెట్టు, ఐస్‌క్రీము ఇవ్వడం సరికాదు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఎక్కుతుంది. వోగ్లిబోసు, అకార్బోసు మాత్రలు వాడేవారికి మామూలు చక్కెర త్వరగా పనిచేయదు. వారింట్లో గ్లూకోజు పొడి తప్పక ఉండాలి.

రోగి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఊపిరితిత్తులలోకి పోయి ఊపిరాడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

మరో ముఖ్యమైన మాట. గ్లిమిపిరైడు, గ్లిబెన్‌క్లమైడు మాత్రల వల్ల షుగరు తగ్గితే, ఒకసారి పెరిగినా కొన్ని గంటల తర్వాత మళ్ళీ పడిపోవచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువ. అందుకే మన ఉదాహరణలోని కోడలు చక్కెర నీళ్ళతో సరిపెట్టకుండా మామగారిని ఆస్పత్రికి తీసుకువెళ్ళడం సరైన పని. అటెనొలాల్ వంటి బి.పి. మాత్రలు వాడేవారిలో వణుకు, గుండెదడ కనిపించకపోవచ్చు. వారిలో చెమటను గమనించండి.

షుగరు బాగా పెరిగితే

ఒక్కసారి 250 వచ్చిందని మందు పెంచుకోకండి. ఏం తిన్నారు, మందు మరిచారా, జ్వరం, పుండు ఏమైనా ఉన్నాయా అని ఆలోచించండి. రెండు మూడు రోజులు వరుసగా ఎక్కువగా ఉంటే డాక్టరుగారికి చూపించండి. 300 దాటి, దానితోపాటు వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత ఉంటే ఆ రోజే, ఆ గంటే ఆస్పత్రికి వెళ్ళాలి. జ్వరం వచ్చి అన్నం సహించనప్పుడు కొందరు ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తారు. అది ప్రమాదం. జబ్బు చేసినప్పుడు తినకపోయినా షుగరు పెరగవచ్చు. నాలుగు గంటలకోసారి చూసుకుంటూ, ఎంత తీసుకోవాలో ఫోనులోనైనా అడగండి. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారు వాంతులు అవుతున్నప్పుడు వాటిని కొనసాగించాలో లేదో వెంటనే అడిగి తెలుసుకోవాలి. వీరిలో మీటరు పెద్ద అంకె చూపకపోయినా రక్తంలో ఆమ్లం పెరగవచ్చు.

బి.పి. చూసుకునే పద్ధతి

మణికట్టుకు కట్టే యంత్రం కంటే జబ్బకు పట్టీ కట్టే యంత్రం నమ్మదగినది. పట్టీ మీ జబ్బ లావుకు సరిపోవాలి. చిన్న పట్టీ కడితే లేని బి.పి. ఉన్నట్టు చూపిస్తుంది.

చూసే అరగంట ముందు నుండి కాఫీ, టీ, పొగాకు వద్దు. మూత్రవిసర్జన చేసి రండి. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. చొక్కా చేతి మీద కాకుండా ఒంటి మీదే పట్టీ కట్టాలి. చేతిని బల్ల మీద గుండె ఎత్తులో ఉంచండి. చూస్తున్నంతసేపూ మాట్లాడవద్దు, టీవీ వద్దు. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండూ రాయండి. మొదటిసారి రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇకముందు చూడండి.

డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు వారం రోజులు ఉదయం మందు వేసుకోకముందు, రాత్రి పడుకోబోయేముందు చూడండి. మొదటిరోజు అంకెలు వదిలేసి మిగిలిన ఆరు రోజుల సగటు కట్టండి. ఇంట్లో ఆ సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అధిక రక్తపోటు కింద లెక్క. ఆస్పత్రిలో ఈ లెక్క 140/90. కొందరికి ఆస్పత్రిలో భయం వల్ల ఎక్కువ, ఇంట్లో మామూలుగా ఉంటుంది. కొందరికి దీనికి తిరగబడి ఉంటుంది. మీ పుస్తకం చూస్తేగాని డాక్టరుకు ఆ తేడా తెలియదు.

లేచి నిలబడగానే కళ్ళు తిరిగే వృద్ధులు, షుగరు రోగులు కూర్చుని ఒకసారి, నిలబడి మూడు నిమిషాలలోపు ఒకసారి చూడాలి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే చెప్పండి. పడిపోయి తుంటి ఎముక విరగకుండా ముందే మందు సరిచేయవచ్చు.

బి.పి. 180/120 దాటి వస్తే ఐదు నిమిషాలు కూర్చుని మళ్ళీ చూడండి. అప్పుడూ అంతే ఉంటే బాధ లేకపోయినా అదేరోజు డాక్టరును సంప్రదించండి. ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకరపోవడం, ఒకవైపు చేయి కాలు పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం ఉంటే మళ్ళీ కొలుస్తూ కూర్చోవద్దు. వెంటనే బయలుదేరండి.

నాడి, జ్వరం, శ్వాస

నాడి: మణికట్టు వద్ద బొటనవేలి వైపున రెండు వేళ్ళు ఆనించి నిమిషం పాటు లెక్కపెట్టాలి. విశ్రాంతిగా ఉన్న పెద్దవారికి 60 నుండి 100. లయ తప్పి కొట్టుకుంటుంటే అది కూడా రాయండి.

జ్వరం: 100.4 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్ లేదా ఆపైన ఉంటే జ్వరం. వేడి, చల్లని పదార్థాలు తాగిన అరగంట తర్వాతే నోట్లో థర్మామీటరు పెట్టాలి.

శ్వాస: పెద్దవారికి నిమిషానికి 12 నుండి 20. దగ్గు, జలుబు ఉన్న పిల్లలకు పొట్ట కదలిక చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు పసికందుకు 60, రెండు నెలల నుండి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుండి ఐదేళ్ళ లోపు బిడ్డకు 40 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే న్యుమోనియా అనుమానించి ఆస్పత్రికి తీసుకురావాలి.

ఆక్సిజన్: 2020, 2021 కరోనా రోజుల్లో కొన్న వేలి యంత్రం చాలా ఇళ్ళలో ఉంది. సాధారణంగా 95 పైన ఉండాలి. గోళ్ళరంగు, గోరింటాకు, చల్లబడిన వేళ్ళ వల్ల అంకె తప్పవచ్చు. నలుపు ఛాయ ఉన్నవారిలో ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపే అవకాశం ఉంది. కాబట్టి ఆయాసం కనిపిస్తుంటే అంకె బాగుందని ఊరుకోవద్దు.

పుస్తకంలో ఎలా రాయాలి?

బడిపిల్లల నోటు పుస్తకం చాలు. తేదీ, సమయం, షుగరు, బి.పి., నాడి, గమనిక అని గడులు గీయండి. గమనిక గడి అన్నిటికంటే ముఖ్యం. "రాత్రి మాత్ర మరిచాను", "ఉపవాసం", "రెండు మైళ్ళు నడిచాను", "జ్వరం" అని ఒక ముక్క రాస్తే ఆ అంకెకు అర్థం వస్తుంది. బాగున్న అంకెలే రాసి, బాగాలేనివి దాచిపెట్టకండి. మీ డాక్టరు మిమ్మల్ని కోప్పడటానికి కాదు, మందు సరిచేయడానికి వాటిని చూస్తారు. చదువురాని పెద్దలకు ఇంట్లో పిల్లలు రాసిపెట్టవచ్చు. పుస్తకాన్నీ, ఏడాదికోసారి మీ మీటరునూ ఆస్పత్రికి తీసుకురండి. ఒకేసారి రెండు చోట్లా కొలిచి పోల్చవచ్చు.

ఎంత నేర్చుకున్నారో చూసుకోండి

1. మీటరు 318 చూపింది, మీకు ఏ బాధా లేదు. మొదట ఏం చేస్తారు? (చేతులు కడుక్కుని మళ్ళీ చూస్తాను.)

2. చెమటలు పడుతున్నాయి, మీటరు 58 చూపింది. ఎంత చక్కెర, ఎంతసేపటికి మళ్ళీ చూడాలి? (మూడు చెంచాలు, 15 నిమిషాలకు.)

3. స్పృహ తప్పిన రోగి నోట్లో చక్కెర నీళ్ళు పోయవచ్చా? (పోయకూడదు. 108ని పిలవాలి.)

4. ఇంట్లో బి.పి. సగటు 138/88. మందు మీరే పెంచుకుంటారా? (లేదు. పుస్తకం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళతాను.)

ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగితే ఈ పాఠం మీకు వచ్చినట్టే. అయితే రోగికి ఒక్కరికే వస్తే చాలదు. షుగరు పడిపోయిన వేళ ఆ మనిషికి తన సంగతి తనకు తెలియదు. అందుకని ఈ పేజీని మీ భార్యకో, భర్తకో, కోడలికో, పదో తరగతి చదివే మనవరాలికో చదివి వినిపించండి. గ్లూకోజు డబ్బా ఎక్కడ ఉందో అందరికీ చూపించండి. ఈ రాత్రి పడుకునేలోపు ఆ ఒక్క పని చేయండి.